బాగున్న బిడ్డ రక్తం ఎలా ఉంటుంది?

అమీర్‌పేటలో ఆ రోజుల్లో ఎవరిని పలకరించినా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు పేరే చెప్పేవారు. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద చెయ్యి పెట్టే జాగా లేకుండా కరపత్రాలు అంటించి ఉండేవి. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పిల్లలు ఒక సంచీ, ఒక ఫైలు పట్టుకుని వచ్చి దిగేవాళ్లు. హాస్టల్లో ఒక మంచం, ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కుర్చీ సంపాదించుకునేవాళ్లు. వాళ్ల ఇంటర్వ్యూ ప్యాంట్లన్నీ మధురానగర్ సందులో తుకారాం దర్జీ కొట్టుకే వచ్చేవి. పొడవు తగ్గించాలి, నడుము బిగించాలి, సాయంత్రానికల్లా కావాలి.

తుకారాం పుట్టుకతో దర్జీ కాదు. సిరిసిల్లలో మగ్గం నేసినవాడు. చేతి నేత ఆగిపోయాక కొన్నాళ్లు మరమగ్గాల షెడ్డులో కూలికి పోయాడు. అదీ సాగక, భార్య కమలవ్వనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చేశాడు. కొడుకు రమేశ్ సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. కూతురు ప్రమోద ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి, పంజాగుట్ట చౌరస్తా వెనక ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఉద్యోగానికి కుదిరింది.

ప్రమోద మాట తక్కువ మనిషి. నలుగురు చేరిన చోట గోడ పక్కకు జరిగి నిలబడే రకం. ల్యాబులోకి వెళ్లి తెల్లకోటు తొడుక్కుంటే మాత్రం ఆ బెరుకంతా ఎటో పోయేది. అక్కడున్న యంత్రాలన్నిటిలో ఆమెకు ఇష్టమైనది గ్యాస్ మెషిన్. రక్తంలో ప్రాణవాయువు ఎంత, బొగ్గుపులుసు వాయువు ఎంత, రక్తం ఎంత పులిసింది అన్నది చెప్పే యంత్రం అది. మిగతా నమూనాలు కాసేపు బల్ల మీద ఆగినా ఏం కాదు. దీనికొచ్చే రక్తం ఆగితే మారిపోతుంది. అందుకని లేబర్ రూమ్ నుంచి ఆయమ్మ సిరంజి పట్టుకుని పరుగున వస్తే, ప్రమోద తలుపు దగ్గరికే ఎదురెళ్లి అందుకునేది. కాన్పు కష్టమైనప్పుడు, బిడ్డ అలసినట్టు కనిపించినప్పుడు బొడ్డుతాడు రక్తం అలా వచ్చేది.

రమేశ్‌కు చెల్లెలి ఉద్యోగం నచ్చేది కాదు.

"నీకు మస్తు దిమాక్ ఉన్నది ప్రమోదా. గా రక్తం సీసాలు పట్టుకుని ఎన్నేండ్లుంటవ్? మా దోస్తు చెల్లె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని మాదాపూర్ల చేరింది. కోడింగ్ సుత రానక్కర లేదంట. జర సోంచాయించు."

"నాకు గీ పని మంచిగనే ఉన్నది కదన్నా."

"మంచిగుంటే సరిపోతదా? ముందుకు పోవద్దా?"

అన్న మాట కాదనలేక ప్రమోద అమీర్‌పేటలో టెస్టింగ్ పొద్దుటి బ్యాచిలో చేరింది. క్లాసు అయ్యాక అటు నుంచి అటే పంజాగుట్టకు నడిచేది.

పాఠం చెప్పే వంశీధర్‌ది భీమవరం దగ్గర ఊరు. మైకు పట్టుకుంటే చివరి బెంచీదాకా నవ్వించేవాడు. మొదటి రోజే ఒక మాటన్నాడు: "బటన్ నొక్కి చూడ్డం టెస్టు కాదండీ. నొక్కితే ఏం రావాలో ముందే తెలిసుండాలి. అది తెలీకుండా నొక్కేసి, వచ్చిందాన్ని చూసి బెంబేలు పడితే దాన్ని టెస్టు అనరు, కంగారు అంటారు." అందరూ నవ్వారు. ప్రమోద కూడా నవ్వింది. తన పనికీ ఆ మాటకూ ఏదైనా సంబంధం ఉందని అప్పుడు ఆమెకు తట్టలేదు.

కోర్సు సగంలో ఉండగా వంశీధర్ సెలవు పెట్టాడు. భార్యకు నెలలు నిండాయని క్లాసులో చెప్పాడు. ఏ ఆసుపత్రో చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం లేబర్ రూమ్ నుంచి ఒక సిరంజి వచ్చింది. పేరు: భావన గారి బేబీ. ప్రమోద దాన్ని మెషిన్‌కి అందించింది. చీటీ బయటికొచ్చింది. రక్తం పులిసే కొద్దీ తగ్గే అంకె, పీహెచ్, ఏడు పాయింట్ రెండు ఒకటి. ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. ప్రతి అంకె పక్కనా ఒక నక్షత్రం గుర్తు. ఉండాల్సిన హద్దు దాటితే మెషిన్ అలా నక్షత్రం వేస్తుంది. పుట్టిన పిల్లల చీటీల మీద నక్షత్రాలు లేని రోజును ప్రమోద చూడలేదు. ఎందుకని ఎవరినీ అడగలేదు కూడా. ఫోనులో అంకెలతో పాటు నక్షత్రాలు కూడా చదివి వినిపించింది.

అవతల ఫోను పట్టుకున్నది డాక్టర్ చక్రపాణి. చదువు ముగించి కొత్తగా చేరినవాడు. చదువుకునే రోజుల్లో, బాగానే ఉన్నాడనుకున్న ఒక పసివాడు చూస్తుండగానే చేజారిపోవడం అతను కళ్లారా చూశాడు. ఆ భయం అతన్ని ఇంకా వదల్లేదు. బిడ్డ గట్టిగానే ఏడ్చాడు, ఒళ్లు ఎర్రగానే ఉంది. అయినా అంకెలు విన్నాక అతనికి మనసొప్పలేదు. బిడ్డను పై అంతస్తులోని ఐసీయూకి పంపించేశాడు. తల్లి చేతుల్లోకి తీసుకుని ఒకసారి ముఖం చూసింది, అంతే.

కాసేపటికి ల్యాబు కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు. ప్రమోద తలెత్తి చూస్తే వంశీధర్. క్లాసులో అంత నవ్వించే మనిషి ముఖం వాడిపోయి ఉంది.

"మీరు... మా మార్నింగ్ బ్యాచి కదండీ?"

"అవును సార్. ఏమైంది సార్?"

"మా బాబుని పైకి తీసుకెళ్లిపోయారండి. రక్తంలో యాసిడ్ ఎక్కువుందంటున్నారు. మా ఆవిడ భావన ఒకటే ఏడుపు. వాడు ఏడుస్తుంటే పాలివ్వబోయిందట, చేతుల్లోంచి తీసుకెళ్లారట. ఆ రిపోర్టు ఒక్కసారి చూపిస్తారా?"

రిపోర్టు ఇలా చూపించవచ్చో లేదో ఆమెకు తెలియదు. తండ్రే కదా అని చూపించింది. ఆయన చీటీని కిటికీ వెలుగులోకి తిప్పి, అంకెల్ని కాదు, వాటి పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న హద్దుల్ని చదవడం మొదలుపెట్టాడు.

"ఇంత ఉండాలి అని పక్కన వేశారు కదా. ఇది ఎవరి లెక్కండీ? ఇప్పుడే పుట్టిన పిల్లల లెక్కా?"

ప్రమోద చీటీ వైపు వంగి చూసింది. ఆ హద్దులు మెషిన్ వచ్చిన రోజు కంపెనీవాళ్లు పెట్టి ఇచ్చినవి. మెషిన్ పరీక్ష కోసం ఒకసారి ఆసుపత్రి మేనేజరు రక్తం పెడితే నక్షత్రం ఒక్కటీ పడలేదు. అది ఆమెకు గుర్తుంది.

"పెద్దోళ్లవి సార్," అంది చివరికి. "గవి పెద్దోళ్ల అంకెలు."

"మరి పిల్లలవి ఎంతుండాలి?"

"నాకు తెల్వదు సార్."

ఆయన కోప్పడలేదు. "ఎవరికి తెలుసండీ?" అని మాత్రం అడిగాడు.

ప్రమోద కోటు కూడా విప్పకుండా బయటికొచ్చి, ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టర్ అరుణాదేవి గది వైపు నడిచింది. ఆవిడ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్లందరికీ పెద్ద. ఆవిడ గదిలోకి పిలవకుండా వెళ్లడం ప్రమోదకు అదే మొదటిసారి. బయట పిల్లల్ని ఎత్తుకుని తల్లులు బారులు తీరి ఉన్నారు. లోపలికి వెళ్లి సంగతి చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అరుణాదేవి అంతా విని, చేతిలో స్టెతస్కోపుతోనే మెట్లెక్కింది. ఐసీయూలో భావన కొడుకు ముఖం కందగడ్డలా చేసుకుని, పిడికిళ్లు బిగించి, గది అదిరేలా ఏడుస్తున్నాడు. ఆవిడ వాడి గుండె విని, ఒళ్లంతా తడిమి, చిటికెన వేలు పెదవికి ఆనించింది. వాడు దాన్ని గబుక్కున పట్టుకున్నాడు.

"వీడికి జబ్బేం లేదు, ఆకలి," అంది ఆవిడ. "అయినా ఇంకోసారి చూద్దాం. ప్రమోదా, నువ్వే తియ్యి."

ప్రమోద మడమ దగ్గర చిన్నగా గుచ్చి, సన్నటి గొట్టంలోకి రక్తం తీసుకుని కిందికి పరుగెత్తింది. ఈసారి పీహెచ్ ఏడు పాయింట్ మూడు ఆరు. మందేమీ ఇవ్వకుండానే బిడ్డ తనంతట తనే సర్దుకున్నాడు. ఎండ వాలేలోపు వాడు తల్లి పక్కలోకి చేరాడు. భావన వాణ్ని గుండెకు హత్తుకుని పాలు పట్టింది.

చక్రపాణి తల వంచుకుని నిలబడితే అరుణాదేవి అతని భుజం తట్టింది. "నీ చోట నేనున్నా అదే చేసేదాన్నేమో. చీటీ నిండా నక్షత్రాలని వింటే ఎవరికి మాత్రం ధైర్యం ఉంటుంది?"

తర్వాత ఆవిడ ల్యాబులోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు.

"నొప్పి వచ్చిన ప్రతిసారీ, కడుపులో బిడ్డని పోషించే మాయకి రక్తం కాస్త తగ్గుతుందమ్మా. బిడ్డ నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. అందుకే పుట్టేటప్పటికి ఎవరి రక్తమైనా కొంత పులిసే ఉంటుంది. బయటికొచ్చి గట్టిగా ఏడిస్తే ఆ చెడ్డగాలి పోతుంది. కొన్ని గంటల్లో అంతా దారిలో పడుతుంది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. నాకు తెలుసు, చక్రపాణికీ తెలుసు. కానీ చీటీ మీద పెద్దవాళ్ల అంకెలు పెట్టుకుని ఇన్నాళ్లూ కూర్చున్నాం."

"మరి ఇప్పుడు ఏం జేద్దాం మేడమ్?"

"పుస్తకాల్లోవి వేరే దేశాల పిల్లల అంకెలు, వేరే మెషిన్ల మీద చూసినవి. మన పిల్లలవి మనం చూడాలి. జబ్బుపడ్డ పిల్లల రక్తమే మనకి పంపిస్తారు. బాగున్న పిల్లల రక్తం ఎవరూ పంపరు కదా! ఇకనుంచి అడిగి తీసుకుందాం."

అలా మొదలైంది ఆ పని. ఆసుపత్రి కమిటీ అనుమతి వచ్చేసరికి కొన్ని వారాలు పట్టింది. నెలలు నిండి, ఏ ఇబ్బందీ లేకుండా పుట్టి, వెంటనే ఏడ్చిన పిల్లల రక్తం చూడాలి. పుట్టిన క్షణంలో బొడ్డుతాడు నుంచి ఒకసారి, మరునాడు కామెర్ల పరీక్షకు మడమ దగ్గర ఎలాగూ గుచ్చుతారు గనుక అప్పుడే రెండు చుక్కలు ఎక్కువ తీసుకుని ఇంకోసారి. తల్లి ఒప్పుకుంటేనే.

తేలికనుకున్నది తేలిక కాలేదు. బిడ్డను వేరు చేశాక బొడ్డుతాడులో జానెడు ముక్కను రెండు వైపులా బిగించి ఇస్తారు. అందులో లావు నాళం ఒకటి మాయ నుంచి మంచి రక్తాన్ని తెచ్చేది. సన్నవి రెండు బిడ్డ వాడుకున్న రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లేవి. బిడ్డ సంగతి చెప్పేవి ఆ సన్నవే. ప్రమోద మొదట్లో సూదిని లావుదాంట్లోకి దింపేది. సరిగ్గా దొరికిన రోజు సిరంజిలో గాలి బుడగ చేరేది. బుడగలోని గాలి కలిసి ప్రాణవాయువు అమాంతం పెరిగినట్టు కనిపించేది. మొదటి నెల తీసినవాటిలో చాలా మటుకు పారెయ్యాల్సి వచ్చింది. అరుణాదేవి విసుక్కోలేదు. పక్కన నిలబడి, బుడగ బయటికి పోయేలా సిరంజిని నిలబెట్టి ఎలా తట్టాలో చేసి చూపించింది. పారేసే తాళ్ల మీద ప్రమోద రోజూ సాధన చేసింది. వర్షాలు పడే వేళకి చెయ్యి కుదిరింది.

చెయ్యి కుదిరింది కానీ నోరు కుదరలేదు. తల్లుల్ని అడగాల్సిందీ తనే. కడుపుతో ఉన్నవాళ్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు హాల్లోకి వెళ్లి సంగతి చెప్పాలి. ఆమె మెల్లగా మొదలుపెట్టేది. "మీ బిడ్డ రక్తం..." అనగానే సగంమంది ముఖం తిప్పేసేవాళ్లు.

ఒకరోజు సుమశ్రీ అనే అమ్మాయి అత్తగారితో వచ్చింది. నిడదవోలు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో ఉంటున్నవాళ్లు. అత్తగారు స్వరాజ్యం గారు మనిషి పొట్టి, గొంతు మాత్రం హాలంతా వినిపించేది.

"బాగున్న పిల్లాడికి రక్తపరీక్ష ఏంటమ్మా? బాగోకపోతే చేస్తారు గానీ! మా మనవడు మీ ప్రయోగాలకి దొరికాడా?"

హాల్లో అందరూ ఇటు తిరిగారు. ప్రమోద చెవులు వేడెక్కాయి.

"వద్దంటే వద్దమ్మా," అంది. "అడిగి తీసుకోమన్నరు, అందుకని అడిగిన. మీరొద్దన్నా కాన్పు చేసుడు, చూసుకునుడు అంతా ఒక్కతీరే ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి."

తిరిగి వెళ్లబోతుంటే వెనక బెంచీ నుంచి ఎవరో పిలిచారు. "ప్రమోద గారూ, ఆగండి." చూస్తే భావన. టీకా వేయించడానికి కొడుకు తారక్‌ని తీసుకొచ్చింది. వాడు బొద్దుగా తయారై తల్లి మంగళసూత్రాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. భావన లేచి వచ్చి స్వరాజ్యం గారి పక్కన కూర్చుంది.

"పిన్నిగారూ, వీడు పుట్టినప్పుడు మంచిగానే ఏడ్చాడండి. నేను విన్నాను. అయినా నా దగ్గర్నుంచి తీసుకెళ్లిపోయారు."

"అయ్యో! ఎందుకమ్మా?"

"రిపోర్టులో అంకె తేడాగా ఉందని. ఆ అంకె పెద్దవాళ్లదట. పిల్లలది ఎంతుండాలో చీటీ మీద లేదు. బాగున్న పిల్లల రక్తం ఎవరూ చూడనిస్తే కదండీ తెలిసేది! మీ కోడలు ఒప్పుకుంటే రేపు ఇంకో తల్లికి నాలాంటి రోజు రాకుండా ఉంటుంది."

స్వరాజ్యం గారు తారక్‌ని ఎగాదిగా చూశారు. వాడు బోసినోటితో నవ్వాడు. ఆవిడ వాణ్ని ఒళ్లోకి తీసుకుని, ప్రమోద వైపు తిరిగి, ఈసారి కాస్త గొంతు తగ్గించి అడిగారు:

"బిడ్డకి నొప్పెడుతుందా?"

"తాడు కోసినంక తీస్తమమ్మా. తాడు బిడ్డకు ఉండది, మాకుంటది. బిడ్డకు ఏం తెల్వది. రెండో రోజు మడమకు గుచ్చినప్పుడు జర ఏడుస్తది. అది అందరు పిల్లలకు చేసేదే."

అప్పటిదాకా పెదవి విప్పని సుమశ్రీ అంది, "నాకిష్టమేనండి. తీసుకోండి."

"అదేంటే, నన్ను మాట కూడా అడక్కుండా!" అన్నారు స్వరాజ్యం గారు. అన్నారే గానీ ఆ గొంతులో కోపం లేదు.

ఆ తర్వాత భావన టీకాకు వచ్చిన ప్రతిసారీ కాసేపు ఆ హాల్లో కూర్చుని వెళ్లేది. ఆమె లేని రోజుల్లో ప్రమోద తనే చెప్పడం నేర్చుకుంది. రక్తం మాటతో కాకుండా బిడ్డ పుట్టే మాటతో మొదలుపెట్టేది. లోపల ఊపిరి ఎలా ఉంటుందో, మొదటి ఏడుపులో ఏం జరుగుతుందో చెబితే తల్లులు కుర్చీలు దగ్గరికి జరుపుకుని వినేవాళ్లు. ఒక్కోసారి గుమిగూడిన వాళ్ల మధ్య తనున్నానని ఆమెకే ఆలస్యంగా తెలిసేది.

ఇంతలో టెస్టింగ్ కోర్సు అయిపోయింది. వంశీధర్ చెప్పిపెట్టిన ఒక కంపెనీలో ఇంటర్వ్యూకు పిలిచారు. వెళ్లింది. అడిగినవాటికి తడబడకుండా జవాబులు చెప్పింది. వారం తిరక్కుండా రమ్మని కబురొచ్చింది.

రమేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికొచ్చాడు. కమలవ్వ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ప్రమోద మాత్రం కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయింది.

"ఏమైంది? ఖుషీగ లేవేంది?" అన్నాడు రమేశ్.

"అన్నా, ఆడ పని సగంల ఉన్నది. పిల్లల అంకెలు ఇంకా మస్తు చూడాలె."

"నువ్వు పోతే ఇంకెవ్వలన్న చూస్తరు. నీ ఒక్కదాని మీద నడుస్తదా దవాఖాన?"

"నడువది. నాకే పోబుద్ధి అయితలేదు."

రమేశ్ ముఖం ఎర్రబడింది. వర్క్‌షాపులో ఇనప రజను మధ్య నిలబడి నిలబడి, చెల్లెలైనా ఏసీ గదిలో కూర్చోవాలని అతను పెట్టుకున్న ఆశ చిన్నది కాదు. "నా మాటకు ఇజ్జత్ లేకపాయె," అని చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున ప్రమోద టీ పట్టుకుని కొట్టుకు వెళ్లింది. తుకారాం ప్యాంటు అంచు కుడుతున్నాడు. మిషన్ ఆపి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"కూసో బిడ్డా." ఆమె బట్టల మూట మీద కూర్చుంది. ఆయన టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "మగ్గం ఇడిసిపెట్టినప్పుడు నన్ను ఎవ్వలు అడగలె, నీకు ఇష్టమేనా అని. అడిగేటోళ్లు సుత లేకుండిరి. నిన్ను నేను అడుగుతున్న. నీకు ఏది ఇష్టం?"

"దవాఖాన పనే నాయినా."

"అయితే గదే చెయ్యి. అన్నకు నేను చెప్త. వాడు నీ మీద పాణం పెట్టుకున్నడు గనుకనే కోపం జేస్తుండు."

రమేశ్ కొన్నాళ్లు ముక్తసరిగా మాట్లాడాడు. వంశీధర్ మాత్రం విని పెద్దగా నవ్వాడు. "నా స్టూడెంట్లలో నిజంగా టెస్టింగ్ చేస్తున్నది మీరొక్కరేనండీ," అన్నాడు.

ఏడాది దాటాక అరుణాదేవి లెక్కలన్నీ ముందేసుకుని కూర్చుంది. హాయిగా పుట్టి, హాయిగా ఇంటికెళ్లిన ఆ పిల్లల అంకెలు ఒకచోట చేరాక, ఆవిడ చెప్పిందే కళ్లకు కట్టింది. పుట్టిన క్షణంలో అందరూ కాస్త పులుపు వైపే ఉన్నారు, కొందరు ఎక్కువ, కొందరు తక్కువ. మరునాటికి దాదాపు అందరూ పెద్దవాళ్ల దరిదాపుల్లోకి వచ్చేశారు. భావన కొడుకు మొదటి అంకె ఆ బాగున్న పిల్లల మధ్యే, అంచుకు కూడా దూరంగా, నిక్షేపంగా ఉంది.

లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో పిల్లల డాక్టర్ల సమావేశం జరిగితే అరుణాదేవి ఈ సంగతి అక్కడ చెప్పింది. చక్రపాణి తెర మీద లెక్కల బొమ్మలు చూపించాడు. మొదటి బొమ్మ మీద ముగ్గురి పేర్లున్నాయి. మూడోది ప్రమోదది. వెనక వరసలో కూర్చున్న ఆమె దాన్ని చదివి, పక్కన ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, కొంగు సర్దుకుంది. కంపెనీ ఇంజనీరు వచ్చి మెషిన్‌లో పుట్టిన పిల్లలకు వేరే హద్దులు పెట్టి వెళ్లాడు.

ఆ హద్దులు నిజంగా ఎందుకో ఆ తర్వాతి ఎండాకాలంలో తెలిసింది. ఎర్రగడ్డలో ఆటో నడిపే సారయ్య భార్యకు కాన్పు కష్టమైంది. బిడ్డ పుట్టి మూలిగింది గానీ గట్టిగా ఏడవలేదు. కాస్త మందకొడిగా ఉంది, సర్దుకుంటుందిలే అని లేబర్ రూమ్‌లో అనుకుంటున్నారు. బొడ్డుతాడు రక్తం ల్యాబుకు వచ్చింది. పీహెచ్ ఏడు కన్నా కిందికి పడిపోయింది. కొత్త హద్దులు పెట్టాక పీహెచ్ అంకె పక్కన పడ్డ మొదటి నక్షత్రం అది. ప్రమోద ఫోనులో చెప్పీ చెప్పగానే చక్రపాణి బిడ్డను ఎత్తుకుని పైకి పరుగెత్తాడు. ఇదివరకైతే అన్ని చీటీల్లాగే ఇదీ ఒకటి. ఇప్పుడు ఒక్క చూపుకే తేడా తెలిసిపోయింది. ఊపిరి అందించారు, సెలైను పెట్టారు. మూడు పూటలూ రక్తం చూశారు. ఒక్కోసారీ అంకె కొంచెం కొంచెంగా పైకొచ్చింది.

సారయ్య ల్యాబు బయట బల్ల మీదే కూర్చునేవాడు. ప్రమోద సిరంజి పట్టుకుని వెళ్లినప్పుడల్లా లేచి నిలబడేవాడు.

"ఎట్లున్నది మేడమ్?"

"నిన్నటి కన్నా నయముంది అన్నా. నువ్వు జర ఏమన్న తిను."

అరుణాదేవి బిడ్డను తల్లి చేతికిచ్చిన రోజు సారయ్య ఆసుపత్రిలో కనిపించిన వాళ్లందరికీ బత్తాయిలు పంచాడు. బిడ్డ కాళ్లు తన్నుకుంటూ, ఆవులిస్తూ, ఎర్రగడ్డకు తండ్రి ఆటోలోనే వెళ్లింది.

రమేశ్‌కు ఆ మరుసటి ఏడు పెళ్లయింది. భార్యకు నెలలు నిండేసరికి, ఇంకో ఆసుపత్రి మాటే ఎత్తకుండా పంజాగుట్టకే తీసుకొచ్చాడు. పొద్దుటి నుంచి కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. కమలవ్వ కూర్చోమన్నా వినలేదు. మధ్యాహ్నం ఆయమ్మ సిరంజి పట్టుకుని ల్యాబులోకి వెళ్లడం చూసి, వెనకే వచ్చి కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

ప్రమోద బుడగ లేకుండా చూసుకుని రక్తాన్ని మెషిన్‌కి అందించింది. చీటీ వచ్చేదాకా రమేశ్ చువ్వలు వదల్లేదు. ఆమె చీటీ చూసుకుని, ఫోనులో లేబర్ రూమ్‌కి చెప్పి, అప్పుడు కిటికీ దగ్గరికి వచ్చింది.

"మంచిగుందా?" అన్నాడు రమేశ్.

"మంచిగుంది అన్నా. ఆడపిల్ల. అచ్చం నీ లెక్కనే ఒర్రుతున్నదంట. పో, పోయి చూడు."

రమేశ్ పోలేదు. చువ్వల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి, చెల్లెలి తల మీద ఒకసారి వేసి, అప్పుడు పోయాడు.